గ్రంథాలయ గోడ మీద రచయిత్రుల చిత్రపటాలు: ముఖం తెలియని వారిని ఎలా చిత్రించాలి?

వర్ణమాల

అందరికీ నమస్కారం. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగు టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా ఊరి గ్రంథాలయం పఠన మందిరంలో పదకొండు మంది కవుల, రచయితల పటాలున్నాయి. అందులో స్త్రీ ఒక్కరూ లేరు. ఈ మాట గ్రంథాలయ సంఘం వారితో రెండేళ్ల పాటు చెబుతూ వచ్చాను. చివరికి వారు ఒప్పుకొని, ఆరుగురు రచయిత్రుల తైలవర్ణ చిత్రాలు వేసే పని నాకే అప్పగించారు. మొల్ల, ముద్దుపళని, తరిగొండ వెంగమాంబ, భండారు అచ్చమాంబ, కనుపర్తి వరలక్ష్మమ్మ, ఇల్లిందల సరస్వతీదేవి గారలను ఎంచుకున్నాం.

చివరి ముగ్గురి విషయంలో నాకు పెద్ద చిక్కు లేదు. వారు మనకు దగ్గరి కాలం వారు. మొదటి ముగ్గురు ఎలా ఉండేవారో చెప్పే చిత్రమేదీ వారి కాలం నుంచి మనకు రాలేదు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం ఉంది కాని, అది కూడా శిల్పి ఊహించుకున్న రూపమే. నాలుగు నెలలుగా పెన్సిలుతో నమూనాలు గీస్తున్నాను. గీసిన ప్రతి ముఖమూ ఎక్కడో చూసిన సినిమా ముఖంలాగానో, క్యాలెండరు దేవతలాగానో వస్తోంది. కళ్లు పెద్దవి చేస్తే అబద్ధమనిపిస్తోంది, చిన్నవి చేస్తే సంఘం వారు కళ లేదంటున్నారు. వేరే దేశాల్లోనైనా, మన దగ్గరైనా, రచయిత్రుల చిత్రపటాలు ఎలా వేశారో, ఏది నిలిచిందో, ఏది పొరపాటో తెలిసినవారు చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

థేమ్స్ తీరం

వర్ణమాల గారూ, మీ ప్రశ్న చదవగానే లండన్‌లోని జాతీయ చిత్రపటాల సంగ్రహాలయంలో చూసిన ఒక చిన్న బొమ్మ గుర్తుకు వచ్చింది. అది అరచేతిలో ఇమిడే కాగితం, ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్‌ను ఆమె అక్క కసాండ్రా 1810 ప్రాంతంలో పెన్సిలుతోను, నీటిరంగులతోను గీసిన చిత్రమది. ముఖానికి మాత్రమే కొంత రంగు వేసింది, ఒళ్లంతా పెన్సిలు గీతలే. ఆస్టెన్ చేతులు కట్టుకొని, పెదవులు బిగించి, చూపు పక్కకు తిప్పుకొని కూర్చుంది. ఎవరినో మెప్పించాలన్న ఆలోచన ఆ ముఖంలో లేదు.

ఆస్టెన్ 1817లో మరణించింది. అర్ధ శతాబ్దం గడిచాక, 1869లో, ఆమె మేనల్లుడు ఆమె జీవిత చరిత్ర రాస్తూ ఆ పుస్తకం కోసం జేమ్స్ ఆండ్రూస్ అనే చిత్రకారుడి చేత అక్క గీసిన బొమ్మ ఆధారంగా కొత్త బొమ్మ వేయించాడు. అందులో కళ్లు పెద్దవయ్యాయి, బుగ్గలు నునుపెక్కాయి, బిగించిన పెదవులు సడలాయి, కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఇంటికి వచ్చిన అతిథికి కాఫీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న నెమ్మదైన పిన్నిగారు మిగిలింది. 2017లో ఆమె ద్విశతవర్ధంతి సందర్భంగా ఇంగ్లండు బ్యాంకు విడుదల చేసిన 10 పౌండ్ల నోటు మీదికి ఎక్కింది ఈ రెండో ముఖం వారసత్వమే. నోటు వచ్చినప్పుడు నాకు సంతోషమూ కలిగింది, బాధా కలిగింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అక్క గీసిన బొమ్మలో పోలిక లేనే లేదని ఆస్టెన్ అన్న కూతురు ఒకామె ఉత్తరంలో రాసింది. కాబట్టి దగ్గరివారు గీసినంత మాత్రాన పోలిక కుదిరిందని అనుకోలేం. అయినా ఆ రెండు బొమ్మల్లో నేను ఇంటికి తెచ్చుకోదగినది ఏదంటే, చేతులు కట్టుకున్నదే.

నిజం మాత్రమే

నా అభిప్రాయం కొంత కటువుగా ఉండవచ్చు. ముఖం తెలియని కవయిత్రికి ముఖం కల్పించడమే తప్పని నేను అనుకుంటున్నాను. ఒకసారి గోడకెక్కిన ముఖం దిగదు. ఇటలీలోని పాంపేయి శిథిలాల్లో దొరికిన ఒక గోడచిత్రాన్ని గమనించండి. బంగారు వల జుట్టుకు చుట్టుకొని, ఒక చేతిలో మైనపు పలకలు పట్టుకొని, గంటం కొనను పెదవులకు ఆనించి ఆలోచిస్తున్న యువతి ఆమె. తర్వాతి కాలం వారు ఆమెను గ్రీకు కవయిత్రి సాఫో అన్నారు. నేపుల్స్ పురావస్తు సంగ్రహాలయంలో ఉన్న ఆ చిత్రం సాఫోది కాదు, ఆ ఊళ్లోని సంపన్నుల ఇంటి ఆడపడుచుది అయి ఉంటుందని పండితులు ఎంత చెప్పినా, ఈనాటికీ సాఫో పుస్తకాల అట్టల మీద ఆమే కనిపిస్తుంది. ఇందులో ఇద్దరికి అన్యాయం జరిగింది: సాఫోకు తనది కాని ముఖం వచ్చింది, ఆ యువతికి తన పేరు లేకుండా పోయింది.

మీ గ్రంథాలయానికి వచ్చే పిల్లలు మీరు వేసిన మొల్లనే మొల్ల అనుకొని పెద్దవారవుతారు. ఆ బరువు మోయడం కంటే, ఆ స్థలంలో ఆమె పద్యం ఒకటి పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం మంచిది కాదా?

వర్ణమాల

మీ మాట నాకు తగిలింది, అందుకు కోపం లేదు. అయితే ఆ గదిలో తిక్కన ఉన్నాడు, పోతన ఉన్నాడు, వేమన ఉన్నాడు. వారిని కూడా చూసి గీసినవారెవరూ లేరు. వారి ముఖాలు ఊహలే. వేమన బొమ్మ ఎంతమంది ఇళ్లలో ఉందో మనకు తెలుసు. మగవారికి ఊహించుకున్న ముఖాలు ఇచ్చిన గోడ మీద ఆడవారికి మాత్రం అక్షరాలే చాలని చెప్పడం నాకు సమ్మతం కాదు. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఆ గదిలోకి వచ్చి తల ఎత్తి చూస్తే, ఒక మనిషి కనబడాలి.

పాత పుటలు

ముద్దుపళని గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే ఆమె విషయంలో చిత్రకారులు పడే ప్రమాదం మిగతా ఇద్దరి కంటే పెద్దది.

తంజావూరు మరాఠా పాలకుడు ప్రతాపసింహుని కాలంలో, అంటే 18వ శతాబ్దంలో, ఆమె రాధికా సాంత్వనం రాసింది. కందుకూరి వీరేశలింగం గారు ఆంధ్ర కవుల చరిత్రలో ఆమెను ఎంత తక్కువ చేసి రాశారో చదివినవారికి తెలుసు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ కావ్యాన్ని వెతికి పట్టుకొని, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. అంతకు ముందు వచ్చిన ముద్రణలో పీఠికా లేదు, కొన్ని పద్యాలూ లేవు. ఆ పీఠికలోనే ముద్దుపళని తన గురించి తాను చెప్పుకుంది. తన అవ్వ, మేనత్త కవిత్వం చెప్పినవారని చెప్పి, వారి నుంచి తన వంశాన్ని లెక్కించుకుంది. పండితులను తనలా సత్కరించిన స్త్రీ ఎవరు, కావ్యాలు అంకితం పొందిన స్త్రీ ఎవరు అని తలెత్తి అడిగింది. కుంచె లేకుండా ఆమె వేసుకున్న ఆత్మచిత్రం అది. ముందటి ముద్రణలో జారిపోయింది సరిగ్గా ఆ పుటలే. నాగరత్నమ్మ గారి ముద్రణను కూడా ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాధినేతగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగి, 1952లో పుస్తకం మళ్లీ వచ్చింది.

అందువల్ల టీచరు గారికి నా మనవి ఒక్కటే. ఆమె రాజనర్తకి కాబట్టి నృత్య భంగిమలో, అద్దం ముందు, సన్నని చీరలో వేయాలని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. నగలు ఉండనివ్వండి, ఎందుకంటే ఆమె వాటిని దాచుకోవలసిన మనిషి కాదు. అయితే ఆమె పండితుల మధ్య, వారితో సమానమైన ఆసనం మీద, తన గ్రంథం తన ఒడిలో పెట్టుకొని కూర్చోవాలి. అవ్వనూ మేనత్తనూ కూడా వెనుక నీడలుగానైనా చూపగలిగితే ఆమె రాసుకున్న పీఠిక గోడ మీదికి వచ్చినట్టే.

నీలిరంగు

నేను చిత్రకళ చదువుతున్న విద్యార్థిని. పైన అందరూ ముఖం గురించి మాట్లాడుతున్నారు. నేను రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

మొదటిది 1779లో లండన్ రాయల్ అకాడమీలో రిచర్డ్ శామ్యూల్ ప్రదర్శించిన పెద్ద చిత్రం. అపోలో ఆలయంలో తొమ్మిది మంది కళాదేవతల రూపంలో ఆనాటి ప్రసిద్ధ స్త్రీలను చూపించాడు. ఎలిజబెత్ కార్టర్, ఎలిజబెత్ మాంటెగూ, హానా మోర్, కాథరీన్ మెకాలే, షార్లెట్ లెనాక్స్, ఆనా బార్బాల్డ్ వంటి రచయిత్రులు అందులో ఉన్నారు. రచయిత్రులను ఇంతమందిని ఒకే చిత్రంలో సత్కరించడం ఆ కాలానికి గొప్ప సంగతి, అందులో సందేహం లేదు. అయితే చిత్రకారుడు వారిని ఎదురుగా కూర్చోబెట్టుకొని గీయలేదు. అందరికీ గ్రీకు వస్త్రాలు, అందరికీ ఒకే కోలముఖం. ఆ చిత్రం తొలి రూపం ముద్రణలో వచ్చినప్పుడు కార్టర్ తన స్నేహితురాలు మాంటెగూకు ఉత్తరం రాస్తూ, ఇందులో నువ్వెవరో నేనెవరో నా కళ్లతో చూసి చెప్పలేకపోతున్నానని రాసింది. గ్రీకు భాషలో మహాపండితురాలు, గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టిటస్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి, తనను గౌరవిస్తూ వేసిన చిత్రంలో తనను తాను గుర్తుపట్టలేకపోయింది.

రెండోది అంతకు మూడున్నర శతాబ్దాల ముందుది. క్రిస్టీన్ ద పిజాన్ ఇరవై అయిదో ఏట భర్తను పోగొట్టుకొని, ముగ్గురు పిల్లలనూ తల్లినీ పోషించడానికి ఫ్రాన్సులో కలం పట్టింది. తన పుస్తకాల రాతప్రతులు ఎలా తయారు కావాలో, బొమ్మలు ఎలా ఉండాలో దగ్గరుండి చూసుకునేది. 1410 తర్వాతి సంవత్సరాల్లో ఫ్రాన్సు రాణి ఇసాబోకు సమర్పించిన గ్రంథం నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఆమె నీలిరంగు గౌనులో, తెల్లటి తలగుడ్డతో, బల్ల ముందు ఒంటరిగా కూర్చొని రాసుకుంటూ ఉంటుంది. కాళ్ల దగ్గర చిన్న కుక్కపిల్ల. ఆమె గ్రంథాల్లోని బొమ్మలు వరుసగా చూస్తే ఆ నీలి గౌనే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ముఖం ఏ బొమ్మకా బొమ్మ కొద్దిగా మారినా ఆమె ఎవరో క్షణంలో తెలిసిపోతుంది. తన కాలంలో బొమ్మలు వేసే అనస్తాసియా అనే స్త్రీని తన పుస్తకంలో పేరు పెట్టి పొగిడింది కూడా.

శామ్యూల్ చిత్రంలో నిజమైన మనుషులున్నా పోలిక లేదు. క్రిస్టీన్ చిత్రంలో ముఖం చిన్న చుక్కంతే అయినా మనిషి ఉంది. ఆమె ఏ పనిలో ఉందో చూపడం వల్లనే అలా కుదిరిందని నాకు అనిపిస్తుంది. నా పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నానో మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

అట్లాంటిక్ ఆవల

నీలిరంగు గారి మాటకు మెక్సికో నుంచి ఒక ఉదాహరణ చేర్చుతాను. నేను టెక్సాస్‌లో ఉంటాను. నాలుగేళ్ల క్రితం మెక్సికో నగరంలో చపుల్టెపెక్ కోటలోని చరిత్ర సంగ్రహాలయానికి వెళ్లాను. అక్కడ సోర్ హువానా ఇనెస్ ద లా క్రూస్ చిత్రపటం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆమె 17వ శతాబ్దపు సన్యాసిని, స్పానిష్ భాషలో మహాకవయిత్రి. 1695లో మహమ్మారి సోకినవారికి సేవ చేస్తూ తానూ మరణించింది. మిగెల్ కబ్రేరా ఈ చిత్రాన్ని 1750లో వేశాడు, అంటే ఆమె పోయిన 55 ఏళ్లకు. ఆయన ఆమెను చూడలేదు, పాత చిత్రాలను ఆధారం చేసుకున్నాడు.

అయినా ఎంత నిబ్బరంగా వేశాడో చూడండి. ఆమె వెనుక గోడంతా పుస్తకాలే. బల్ల మీద సిరాబుడ్డి, కలాలు. ఒక చేయి తెరిచిన పుస్తకంలో పుట తిప్పుతోంది, మరొక చేయి జపమాల మీద ఉంది. చూపు నేరుగా మన మీదికి వస్తుంది. ఆమె చివరి రోజుల్లో చదువును వదలుకోవలసి వచ్చింది, పుస్తకాలు చేయి దాటిపోయాయి. కబ్రేరా వాటిని తిరిగి ఆమె వెనుక అమర్చి పెట్టాడు. ఆ గదిలో నాకు కంట నీళ్లు తిరిగింది అందుకే.

మరొక సంగతి. తన చిత్రపటాన్ని గురించి ఆమే ఒక సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) రాసింది. నీవు చూసేది రంగుల మోసం అని మొదలుపెట్టి, చివరి పాదంలో ఇది శవం, ఇది ధూళి, ఇది నీడ, ఇది శూన్యం అని ముగించింది. నిజం మాత్రమే గారి అభ్యంతరాన్ని ఆమె మూడు వందల ఏళ్ల క్రితమే చెప్పింది. అయినా ఆమె ముఖం నేడు మెక్సికో 100 పెసోల నోటు మీద ఉంది, చేతిలోంచి చేతికి తిరుగుతోంది.

సీమ చదువరి

వెంగమాంబ గారి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. మాది గుర్రంకొండ ప్రాంతం, తరిగొండ మాకు దగ్గర. ఆమె 1730లో పుట్టి 1817లో తిరుమలలో తనువు చాలించారు. థేమ్స్ తీరం గారు ఆస్టెన్ మరణించిన సంవత్సరం రాయగానే నా మనసు అక్కడ ఆగింది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు రచయిత్రులు ఒకే ఏడు వెళ్లిపోయారు.

ఆమెను చిత్రించేటప్పుడు మొదటి ప్రశ్న కళ్లు ఎంత పెద్దవి అన్నది కాదు, నుదుట బొట్టు ఉందా లేదా అన్నది. చిన్నతనంలోనే భర్త పోతే, వేంకటేశ్వరుడే నా భర్త, నేను సుమంగళిని అని బొట్టూ గాజులూ తలనీలాలూ వదలడానికి ఆమె ఒప్పుకోలేదని మా ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. పీఠాధిపతి ఎదుట కూడా తలవంచలేదని కథనం. ఆ కథలోని ప్రతి వివరానికీ పత్రం చూపలేం. అయినా ఆ బొట్టు తీసేసి తెల్లచీర కట్టిస్తే ఆమె జీవితకాలం పోరాడిన దానిని మనం ఒక్క కుంచె గీతతో కాదన్నట్టు అవుతుంది.

రెండో ప్రశ్న చేతుల్లో ఏముండాలన్నది. తిరుమలలో ఏకాంత సేవ వేళ వెంగమాంబ ముత్యాల హారతి ఈనాటికీ ఉంది కాబట్టి అందరూ హారతి పళ్లెం ఇస్తారు. అది తప్పని అనను. కాని ఆమె ద్విపదలో భాగవతం రాసిన మనిషి, వేంకటాచల మాహాత్మ్యం రాసిన మనిషి, యక్షగానాలు రాసిన మనిషి. హారతి పళ్లెం ఒక్కటే ఇస్తే భక్తురాలు మిగిలి, కవయిత్రి వెళ్లిపోతుంది. పళ్లెం పక్కన నేల మీద ఉంచి, చేతిలో తాటాకు పెట్టండి.

తాళపత్రం

తాటాకు మాట వచ్చింది కనుక, ఆ పనిలో పాతికేళ్లు గడిపిన వాడిగా కొన్ని వివరాలు చెబుతాను. తాళపత్ర గ్రంథాలను శుభ్రం చేసి, సరిచూసి, పట్టిక రాయడం నా వృత్తి.

నేను చూసిన బొమ్మలు చాలావాటిలో పూర్వకవి నెమలి ఈక పట్టుకొని, వెడల్పాటి కాగితం మీద సిరాతో రాస్తుంటాడు. అది ఈ పని కాదు. తాటాకు కమ్మ వెడల్పు రెండు వేళ్లో మూడు వేళ్లో ఉంటుంది, పొడవు మూరెడు దాకా పోతుంది. రాసేవారికి బల్ల అక్కర లేదు. నేల మీదో అరుగు మీదో కూర్చొని, ఆకును ఎడమ చేతిలో పట్టుకొని, ఎడమ బొటనవేలిని గంటానికి ఆనికగా ఉంచి, కుడి చేతి పిడికిలిలో ఇనుప గంటం నిలిపి గీస్తారు. బొటనవేలు జరుగుతూ ఉంటే అక్షరం వెంట అక్షరం పడుతుంది. కాబట్టి రెండు చేతులూ గుండెకు దగ్గరగా, ఒకదానికొకటి ఆని ఉంటాయి. తల వంగి ఉంటుంది. చేయి చాచి హాయిగా రాసే భంగిమ అందులో కుదరదు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. గంటంతో గీసిన అక్షరం అప్పటికప్పుడు కంటికి ఆనదు. పాలిపోయిన ఆకు మీద పాలిపోయిన గీత మాత్రమే ఉంటుంది. రాయడం అయ్యాక దీపపు మసిని నూనెతోనో ఆకు పసరుతోనో కలిపి ఆకంతా పూసి, గుడ్డతో తుడిస్తే, మసి గీతల్లో నిలిచి అక్షరాలు నల్లగా లేచి వస్తాయి. కొత్తవారికి ఈ పని చూపించినప్పుడు ఆ క్షణంలో వారి ముఖం చూడడం నాకు ఇప్పటికీ ఇష్టం. అంటే, మొల్ల రాస్తున్నప్పుడు తాను రాసినది తన కంటికే సరిగా కనిపించదు, వేళ్లకు తెలుస్తుంది. తంజావూరు సరస్వతీ మహలులోను, బ్రౌను దొర సేకరణ చేరిన చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోను తెలుగు తాళపత్రాలు ఉన్నాయి, వీలైతే ఒకసారి కళ్లారా చూసి గీయండి.

థేమ్స్ తీరం

తాళపత్రం గారి వర్ణన చదివాక ముందు చెప్పకుండా వదిలేసిన ఒక చిత్రాన్ని చెప్పాలనిపించింది. కసాండ్రా తన చెల్లెలిని మరొకసారి కూడా గీసింది, 1804లో. అందులో జేన్ ఆరుబయట కూర్చొని ఉంది, నీలం గౌను, తలకు టోపీ. ఆమె మనకు వీపు పెట్టి ఎటో చూస్తోంది. ముఖం అసలు కనిపించదు. భుజాలు, టోపీ పట్టీలు, గౌను మడతలు, అంతే. అయినా ఆ చిత్రంలో ఒక మనిషి తన ఆలోచనలో తాను ఉంది. గీసేది తెలియని వారైతే ఇటు తిరగమని అడిగేవారు, అక్క అడగలేదు.

ఇంకొక అక్కచెల్లెళ్ల జంట కూడా ఉంది. వెనెసా బెల్ 1912లో తన చెల్లెలు, ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌ను చిత్రించినప్పుడు ముఖంలోని రేఖలను దాదాపు చెరిపివేసింది. కుర్చీలో ఒరిగిన తీరు, తల వాలు చూసి ఆమెను ఎరిగినవారు గుర్తుపట్టారు.

నిజం మాత్రమే

నా పట్టును కొంత సడలించుకుంటున్నాను. ముఖం కల్పించవద్దన్నాను కాని, మనిషిని చిత్రించవద్దని అనడం నా ఉద్దేశం కాదని ఈ రెండు ఉదాహరణల వల్ల నాకే తెలిసింది. మొల్ల విషయంలో మనకు నిజంగా తెలిసింది ఏమిటి? కాలం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. తాను ఆతుకూరి కేసయ కూతురినని, గోపవరపు శ్రీకంఠ మల్లేశుని వరం వల్ల కవిత్వం నేర్చానని ఆమె చెప్పుకుంది. తేనె నోటికి తగలగానే తీపి తెలిసినట్టు చదవగానే అర్థం తెలియాలని, గూఢ శబ్దాలు కూర్చిన కావ్యం మూగ చెవిటివారి ముచ్చట అవుతుందని చెప్పింది. ఇంతవరకు ఆమె మాటలే కనుక ఇంతవరకు చిత్రించవచ్చు.

పాత పెట్టె

ఇక్కడ రాయడం నాకు ఇదే మొదటిసారి. మా అమ్మమ్మ కథలు రాసేది. పెద్ద పేరు ఉన్న రచయిత్రి కాదు, ఏ చరిత్రలోనూ ఆమె పేరు ఉండదు. 1950లలో, 60లలో మాసపత్రికల్లో పద్దెనిమిది కథలు వచ్చాయి. ఒక పత్రిక ఒకసారి రచయిత్రుల ప్రత్యేక సంచిక వేస్తూ ఫోటో పంపమంది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటే ఉండేది, పెళ్లి తర్వాత అత్తవారింట్లో పద్నాలుగు మందితో తీసినది. అందులో ఆమె చివరి వరుసలో సగం కనబడుతుంది. తాతయ్య ఆ ఫోటో పంపారు. పత్రిక వారు ఆమె కథ పక్కన ఎవరో సినీతార పోలికలున్న బొమ్మ వేసి కింద అమ్మమ్మ పేరు వేశారు. అమ్మమ్మ ఆ సంచికను ఎవరికీ చూపించలేదని అమ్మ చెబుతుంది. ఆమె పోయాక ఇనుప పెట్టె అడుగున దొరికింది, ఆ పుట మీద అట్ట కాగితం అంటించి ఉంది.

ఆమె రాస్తుంటే నేను చూశాను. రాత్రి వంటింటి పని అయ్యాక, పొయ్యి అలికిన తడి ఆరకముందే, గడప మీద కూర్చొని, బియ్యం చేట బోర్లించి దాని మీద కాగితం పెట్టి రాసేది. లాంతరు ఎడమ పక్కన ఉండేది. నాకు ఎప్పుడూ వీపే కనబడేది, ఎందుకంటే నేను లోపల పడుకొని చూసేదాన్ని. థేమ్స్ తీరం గారు చెప్పిన చిత్రం గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మ చిత్రపటం ఎవరైనా వేస్తే అలాగే వేయాలి.

వర్ణమాల

పాత పెట్టె గారూ, మీ సందేశం నాలుగుసార్లు చదివాను. మీకు అభ్యంతరం లేకపోతే, ఆరు చిత్రాలు పూర్తయ్యాక మీ అమ్మమ్మ గారి చిత్రం నేను వేసి పంపిస్తాను. చేట అంచు వెదురుదా, లాంతరు గాజు ఎటు వైపు మసిబారేది, ఆమె కొంగు తల మీదుగా వేసుకునేవారా, ఇవి మాత్రం నాకు చెప్పండి.

మిగతావారికి ఇంతవరకు తేలింది చెబుతాను. ముద్దుపళని ఒడిలో గ్రంథం, వెనుక ఇద్దరు స్త్రీలు. వెంగమాంబ నుదుట బొట్టు ఎర్రగా, స్పష్టంగా ఉంటుంది, హారతి పళ్లెం నేల మీద ఉంటుంది. అచ్చమాంబ గారి చిత్రం గురించి సంఘంలో ఒక వాదన జరిగింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆమెకు చదువు నేర్పారు కనుక ఆయనను కూడా వెనుక చూపాలని ఇద్దరు పట్టుబట్టారు. ఆయన మీద నాకెంతో గౌరవం. కాని ఆయన పటం ఆ గదిలో ఎదుటి గోడ మీద ఇదివరకే ఉంది. ఇంగ్లీషు నవలా రచయిత్రులైన బ్రాంటీ అక్కచెల్లెళ్ల చిత్రం గురించి ఎక్కడో చదివిన సంగతి వారికి చెప్పాను. వారి సోదరుడు బ్రాన్‌వెల్ 1834 ప్రాంతంలో ఆ చిత్రం వేస్తూ మధ్యలో తన బొమ్మ కూడా వేసుకొని, ఆ తర్వాత దానిని స్తంభంగా మార్చి తనను తాను చెరిపేసుకున్నాడు. నేటికీ ఆ స్తంభంలోంచి మసకగా అతని రూపం కనిపిస్తుందట. దశాబ్దాల పాటు ఆ చిత్రం ఐర్లండులో ఒక బీరువా మీద మడతపెట్టి పడి ఉండి 1914లో దొరికింది, మడతల గుర్తులు ఇంకా పోలేదు. లక్ష్మణరావు గారు ఉంటే తానే పక్కకు తప్పుకొని అక్కకు చోటిచ్చేవారని నేను అన్నాను. వారు ఒప్పుకున్నారు. అచ్చమాంబ గారు ఒక్కరే, తన అబలా సచ్చరిత్ర రత్నమాల అచ్చుప్రతి దిద్దుకుంటూ ఉంటారు.

మొల్ల మాత్రం ఇన్నాళ్లూ కుదరలేదు. నిన్న రాత్రి కూర్చొని కొత్తగా గీశాను. అరుగు మీద ఆమె మనకు వీపు పెట్టి, కొంచెం ఎడమకు తిరిగి కూర్చుంది. మెడ వంగి ఉంది, చెంప అంచు, చెవి కమ్మ మాత్రం కనబడతాయి. రెండు మోచేతులు ఒంటికి దగ్గరగా ఉన్నాయి. ఎడమ చేతిలోని తాటాకు చివర భుజం పక్కనుంచి బయటికి వచ్చింది. దాని మీద అక్షరాలేవీ చదవడానికి రావు, తాళపత్రం గారు చెప్పినట్టు పాలిపోయిన గీతలే. అయితే పిల్లలు ఏమి చదువుతారని మా సంఘం అధ్యక్షురాలు అడిగారు. అందుకని ఆమె వెనుక, అంటే చిత్రం చూసే మన వైపు, అరుగు అంచున రాసి మసి పూసి తుడిచిన ఆకు ఒకటి ఆరబెట్టినట్టు గీశాను. దాని మీద తేనె పద్యం ఉంటుంది. మసి పూసిన గుడ్డ పక్కనే పడి ఉంటుంది.

తాళపత్రం గారూ, ఆ పద్యం నాలుగు పాదాలు మూరెడు ఆకు మీద ఎన్ని పంక్తుల్లో పడతాయి? తాడు వేసే రంధ్రం దగ్గర ఎంత ఖాళీ వదలాలి?

తాళపత్రం

మూరెడు ఆకు మీద రెండు పంక్తుల్లో ఇమిడిపోతుంది. ఆకుల్లో పద్యం పాదాలుగా విడగొట్టి రాయరు, వచనంలాగా వరుసగా సాగుతుంది, మాటల మధ్య ఖాళీ ఉండదు. రంధ్రం చుట్టూ వేలి మందం ఖాళీ వదలండి, తాడు ఒరిసి అక్షరం పోకుండా. పిల్లల కోసం నేటి లిపిలోనే రాయండి, అందుకు ఎవరూ తప్పు పట్టరు. గుడ్డకు మసి మరక ఒక పక్కనే ఉండాలి, ఎందుకంటే తుడిచేటప్పుడు దానిని మడిచి పట్టుకుంటారు.

పాత పెట్టె

చేట అంచు వెదురుదే, ఒక మూల చిరిగితే గోనె దారంతో కుట్టి ఉండేది. కొంగు తల మీద ఉండేది కాదు, రాసేటప్పుడు నడుముకు దోపుకునేది. లాంతరు గాజు మసిబారితే ముగ్గుపిండితో తుడిచేది, అందువల్ల ఎటు వైపూ మసి ఉండేది కాదు.